పిచ్చుక బొమ్మల చదువు

పొద్దున పదకొండు కావస్తోంది. పడాలా వద్దా అని తేల్చుకోలేని వాన తుంపరగా రాలుతోంది. చిన్నోడికి ఆకలి దంచేస్తోంది. కడుపులో ఎలుకలు పరుగెత్తి పరుగెత్తి, ఇక నీ ఇష్టం అన్నట్టు ఓ మూల కూలబడ్డాయి. లారీలో సిమెంటు బస్తాలు ఇంకా సగం అలాగే ఉన్నాయి. అవన్నీ గోడౌనులో పడితేగాని క్యారేజీ మూత తీసేది లేదు.

చిన్నోడంటే పసివాడనుకునేరు. తల ముగ్గుబుట్టయింది. మెట్లెక్కితే మోకాళ్ళు మూలుగుతాయి. ఇంట్లో తనకంటే పెద్ద అన్న ఒకడున్నాడు గనక ఇతను ఎప్పటికీ చిన్నోడే. పెళ్ళి అతని గుమ్మం దాకా వచ్చి, ఓసారి తొంగి చూసి, పక్క సందులోకి తిరిగిపోయింది.

సరిగ్గా ఆ ఆకలి మీద గేటు దగ్గర చెల్లెలు కనిపించింది. ఇంట్లో ఆమెను పిచ్చుక అంటారు. ముప్పై దాటాయి. గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటుంది గానీ పట్టిన పట్టు మాత్రం ఉడుంపట్టు. బజారు చివర ఫొటో స్టూడియోలో పని. కళ్ళు మూసుకున్న పెళ్ళికొడుకుల చేత కంప్యూటర్లో కళ్ళు తెరిపించడం, అలిగి ఫొటోకి రాని మేనమామల్ని తెచ్చి పక్కన నిలబెట్టడం ఆమె ఉద్యోగం.

"చిన్నన్నా, ఓ బస్తా మొయ్యి. ఫోన్లో తీసుకుంటా," అంది.

"మొయ్యక ఇక్కడ నాట్యం చేస్తున్నానా ఏంటే?"

ఆమె ఫోను ఎత్తింది. అంతే, హమాలీల జట్టు మొత్తం ఆగిపోయింది. ఒకడు జేబులోంచి దువ్వెన తీశాడు. ఇంకొకడు గుండీలు పెట్టుకున్నాడు. చిన్నోడైతే వీపున బస్తాతోనే, లారీ నుంచి దిగడానికి వేసిన చెక్క పలక మధ్యలో ఆగి, గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టాడు. ఫొటో అంటే కదలకూడదని వాళ్ళకు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తెలుసు.

పిచ్చుక తల కొట్టుకుంది. "బాబ్బాబూ, నిలబడకండి! నడవండి! బిగుసుకుపోయిన మొహాలు చూసీ చూసీ నా కళ్ళు నొప్పెడుతున్నాయి."

"నడిస్తే చెదిరిపోతుంది కదమ్మా," అన్నాడు దువ్వెనవాడు.

"ఆ చెదిరేదే నాకు కావాలి!"

లారీ ఖాళీ అయ్యాక, చిన్నోడు ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే అసలు సంగతి చెప్పింది. కంప్యూటర్ యానిమేషన్‌లో పీజీ చేస్తుందట. పెద్ద చదువట. చేరాలంటే తను చేసిన కదిలే బొమ్మ ఒకటి చూపించాలట. బరువు మోసే మనిషిని చేస్తుంటే, ఎన్నిసార్లు చేసినా దూదిమూట మోస్తున్నట్టే వస్తున్నాడట.

"ఈ వయసులో కాలేజీ ఏంటే?"

"వయసైందని బొమ్మ కదలనంటుందా?"

చిన్నోడు రెండో ముద్ద పెట్టుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు స్టూడియోకి పిలిచింది. తెర మీద ఓ బూడిదరంగు మనిషి. కళ్ళూ ముక్కూ ఇంకా పెట్టలేదు. వీపున బస్తా. పలక ఎక్కేముందు కాలితో దాన్ని తడుముతున్నాడు. ఎడమ భుజం కిందికి జారుతుంటే ఒక్కసారి ఎగరేసి సర్దుకుంటున్నాడు. పలక దాటాక ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడుస్తున్నాడు. చిన్నోడు తెర దగ్గరకు జరిగాడు. తన వీపును తను చూసుకోవడం అదే మొదలు.

"ఎలా ఉన్నాడు?" అంది పిచ్చుక.

"వీడికి అన్నం ఎప్పుడు పెడతావే?"

పిచ్చుక నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

సీటు వచ్చింది. కాలేజీ వేరే ఊళ్ళో, హాస్టల్లో ఉండాలి. ఇక ఇంట్లో చెప్పాలి. ఇల్లంటే పెద్దన్న. ఇళ్ళు కట్టించే మేస్త్రీ. గోడ వంకరగా లేస్తే పడగొట్టి మళ్ళీ కట్టిస్తాడు. మనుషుల్నీ అలాగే సరిచెయ్యొచ్చని అతని నమ్మకం. సాయంత్రం భోజనాల దగ్గర పిచ్చుక ఫోన్లో బొమ్మ చూపించి చెప్పగానే పెద్దన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"పిల్లలు చూసే బొమ్మలకి కాలేజీయా? అయినా నీకేం పోయేకాలమే? తమ్ముడు బస్తాలు మోస్తున్నాడని లోకమంతా టముకు వేస్తావా?"

"లోకానికి తెలీదా అన్నయ్యా? రోజూ బజారు నడిమధ్యే కదా మోస్తున్నాడు."

"ఎదురు చెప్పకు! మా పరువు నీకు ఆటబొమ్మయిందా?"

"నువ్వెళ్తే పిల్లల చదువెవరు చూస్తారే? వంటకి నాకు చేతిసాయం ఎవరు చేస్తారు?" అంది వదిన, ఆమె బాధ ఆమెది.

"మీరిద్దరూ కన్న పిల్లల్ని మీరిద్దరూ చూసుకోక, నన్నడుగుతావేంటి వదినా?" అంది పిచ్చుక.

ఆ ఇంట్లో చెయ్యి చేసుకునే అలవాటు లేదు. అంతకన్నా గట్టి శిక్ష ఒకటుంది. మాటలు మానేయడం. వాళ్ళ నాన్నా బాబాయీ ఒకే గోడకి అటూ ఇటూ ఉండి, ఏళ్ళ తరబడి పలకరించుకోకుండానే ముసలివాళ్ళయ్యారు. ముందు నోరు తెరిచినవాడు ఓడినట్టు. పెద్దన్న చెయ్యి కడుక్కుని తీర్పు చెప్పేశాడు.

"ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఎవరూ దానితో మాట్లాడరు. ఆ పిచ్చి వదిలేశానని అది వచ్చి చెప్పాలి. అంతే."

చెప్పి, గెలిచినట్టే పడుకున్నాడు. ఒక్క సంగతి మరిచిపోయాడు మహానుభావుడు. వెళ్ళొద్దని చెప్పాలన్నా నోరు తెరవాలి కదా!

పిచ్చుకకు అది మర్నాడే అర్థమైంది. కొత్త సంచీ తెచ్చి నట్టింట్లో పెట్టింది. ఎక్కడికే అని అడిగే దిక్కు లేదు. పెద్దన్న దగ్గాడు. ఆమె బట్టలు మడతపెట్టింది. పెద్దన్న గోడతో, "కొంతమందికి కళ్ళు నెత్తికెక్కాయి," అన్నాడు. గోడ ఊరుకుంది. ఆమె ఇంకో చీర మడతపెట్టింది. వదిన మాత్రం పొయ్యి మీది గిన్నెతో, "అక్కడ చలెక్కువట, దుప్పటి పెట్టుకుంటే బాగుండు," అంది. దుప్పటి సంచీలోకి చేరింది.

చిన్నోడికి ఈ మూగాట వంటబట్టలేదు. రోజంతా బస్తా కింద మాట్లాడే వీలుండదు, ఇంటికొచ్చినా అదేనా? ఓ సాయంత్రం అందరూ తింటుండగా కంచం ముందుకు తోశాడు.

"పిచ్చుకా, కాస్త కూర వెయ్యి."

పెద్దన్న ఉలిక్కిపడ్డాడు. "ఏరా, ఏం చెప్పాను నేను?"

"ఆకలేసింది. ఆకలికి నీ తీర్పులు తెలీవన్నయ్యా."

"నా మాటంటే లెక్కలేదన్నమాట!"

చిన్నోడు పుట్టి ఇన్నేళ్ళలో అన్నకు ఎదురు చెప్పింది లేదు. ఇవాళ మాత్రం ఆగలేదు. "ఇన్నాళ్ళూ లెక్కే ఉంది. బొమ్మలో ఆ నడక నాది. పిచ్చుకకి నేనే ఇచ్చాను. నేను మోస్తుంటే రాని సిగ్గు, బొమ్మ మోస్తే వచ్చిందా నీకు? అది వెళ్తుంది. వెళ్ళనీ."

పిచ్చుక వచ్చి కూర వేసింది. గరిటె నిండా వేసింది. ముందు తను ఓడకూడదని పెదవి మాత్రం విప్పలేదు. మర్నాటి నుంచి పెద్దన్న చిన్నోడితో కూడా మాటలు మానేశాడు. ఇక ఆ ఇంట్లో అతనికి మాట్లాడ్డానికి గోడే మిగిలింది.

వెళ్ళే రోజు రానే వచ్చింది. పెద్దన్న తెల్లారుతూనే లేచి, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, గడ్డానికి సబ్బు రాసుకుంటూ కూర్చున్నాడు. పిచ్చుక సంచీ భుజాన వేసుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. అతను అద్దంలోంచి చూశాడు. ఆమె కదల్లేదు. సబ్బు ఎండిపోతోంది. లోపల వదిన గిన్నెలు కూడా చప్పుడు మానేశాయి. చివరికి పెద్దన్న కాళ్ళు పక్కకు తీసి, తీస్తూనే ఉండబట్టలేక అరిచాడు.

"ఎక్కడికే?"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఓడిపోయాడు. పిచ్చుక జవాబివ్వలేదు. గడప దాటింది. చిన్నోడు సంచీ అందుకోబోతే తల అడ్డంగా ఊపి, భుజాన్ని ఒక్కసారి ఎగరేసి తనే సర్దుకుంది. చిన్నోడి వైపు ఒక్కసారి చూసి, గడ్డం పైకెత్తింది. అతనూ ఎత్తాడు.

ఆమె సందు మలుపు చేరేసరికి పెద్దన్న సగం సబ్బు మొహంతో వీధిలోకి పరుగెత్తాడు. "బస్సులో కిటికీ పక్కన కూర్చోకు, జలుబు చేస్తుంది! దిగగానే ఫోన్ చెయ్యి! వినపడుతోందా, ఏమే!"

వీధి వీధంతా విన్నది. పిచ్చుక వెనక్కి తిరగలేదు. ఒక్క మాటా అనకుండా మలుపు తిరిగి వెళ్ళిపోయింది.