వంకాయరంగు గౌను

సోఫాల మేస్త్రి అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఎంత కుంగిపోయిన సోఫా అయినా ఆయన చేతిలో పడితే నాలుగు రోజుల్లో లేచి కూర్చునేది. మనిషి భారీ మనిషి. గుమ్మంలో నిలబడితే లోపలికి వెలుతురు రాదు. మాట మాత్రం బహు పొదుపు. పని చేస్తున్నంతసేపూ చిన్న మేకులు పెదవుల మధ్య బిగించి ఉంచుకుంటాడు కనుక, ఉలకకపోయినా పలకకపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కింద పనిగది, పైన కాపురం. పిల్లలు లేరు. భార్య పోయి అప్పటికి నెల కూడా తిరగలేదు.

ఆయన గురించి వీధికి తెలియనిది ఒక్కటే ఉంది. ఆయనకు ఆడవాళ్ళ గౌన్లు వేసుకోవడం ఇష్టం. ఇష్టమనే మాట కూడా చాలదేమో. దాహం వేసినవాడికి నీళ్ళంటే ఇష్టమని అనం కదా. పదమూడో ఏట నుంచీ అంతే. ఎందుకో ఆయనకే తెలియదు. తెలుసుకుందామని చూసి చూసి, విసిగి ఊరుకున్నాడు.

పెళ్ళికి ముందు పాతబట్టల కొట్లకు ఒంటరిగా వెళ్ళేవాడు. కొత్త దుకాణంలో అయితే ఎవరికి, ఎంత వయసు, ఏ రంగు అంటూ నలుగురు చుట్టుముడతారు. పాతబట్టల కొట్టులో ఎవరి మానాన వాళ్ళు వెతుక్కోవచ్చు. మగవాళ్ళ చొక్కాల వరుసలో నిలబడి, ఓరకంట పక్క వరుస చూసేవాడు. చెయ్యి చాపడానికి అరగంట పట్టేది. తొడిగి చూసుకునే వీలు లేదు కనుక భుజం నుంచి భుజానికి జానతో కొలిచేవాడు, అదీ ఎవరూ చూడనప్పుడు. ఒకచోట కొట్టువాడు గట్టిగా, అవి ఆడవాళ్ళవి, అక్కడ మీకేం పనని అడిగాడు. మా అమ్మకి అన్నాడు. అయితే అమ్మను తీసుకురండి, కొలత చూసి ఇస్తామన్నాడు వాడు. అమ్మ పోయి అప్పటికి మూడేళ్ళు. ఆ తర్వాత ఆ వీధి మొహం చూడలేదు.

తెచ్చినవాటిలో సగం ఒంటికి పట్టేవి కావు. పట్టినవైనా దాచడానికి చోటు లేదు. చివరకు తన పనిలోనే చోటు దొరికింది. ఇంట్లో ఉన్న పాత సోఫా అడుగున నవారు విప్పి, స్పాంజికీ చెక్కకూ మధ్య గౌను మడిచి పెట్టి, మళ్ళీ నవారు బిగించేవాడు. కాస్త తీరిక దొరికినప్పుడల్లా మేకులు పీకడం, మళ్ళీ కొట్టడం.

కాపురానికొచ్చిన నాలుగో ఏట భార్య ఆ సోఫా మీద కూర్చుని, ఇదేమిటి, ఊరందరి సోఫాలూ బాగుచేసే మనిషి ఇంట్లో సోఫా ఇలా గడ్డలు కట్టిందేమిటని నవ్వింది. ఆయన బయటికి వెళ్ళినప్పుడు తానే తిరగేసి చూసింది. మూడు గౌన్లు బయటపడ్డాయి. సాయంత్రం ఆయన వచ్చేసరికి అవి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎవతెవని అడిగింది. ఎవతెవీ కావన్నాడు. నమ్మలేదు. లేచి, ఒక గౌను చేతిని ఆయన చేతి పక్కన పెట్టి చూసింది. చంకల కింద పిగిలిన కుట్లు చూసింది. అంతటి ఒళ్ళున్న ఆడది ఆ చుట్టుపక్కల లేదు. అప్పుడర్థమైంది.

రెండు రోజులు ఏడ్చింది. వంట చేసింది, వడ్డించింది, మాట్లాడలేదు. ఆయన మూటాముల్లే సర్దుకుని పనిగదిలో పడుకున్నాడు. మూడో రోజు పొద్దున ఆమె మెట్లు దిగి వచ్చి, "ఇలా పిగిలిపోతుంటే ఎలా వేసుకుంటారండీ? ఇటివ్వండి" అంది.

అప్పటి నుంచి కొట్టుకు ఇద్దరూ కలిసి వెళ్ళేవారు. ఆమె బక్కపలచటి మనిషి. అయినా పెద్ద సైజుల వరుస ముందు దర్జాగా నిలబడి, ఒక్కో గౌనూ తీసి, పొడవు చూడాలి ఇలా నిలబడండంటూ ఆయన భుజాలకు ఆనించి చూసేది. పక్కనున్నవాళ్ళు చూస్తే, "నాకంటే మా ఆయనకే బాగున్నట్టుందే" అని గట్టిగా అనేది. అందరూ నవ్వేవారు. ఆయన చెవులు ఎర్రబడేవి. ఉన్న మాట నలుగురిలో పైకి అనేసి ఎవరికీ అనుమానం రాకుండా చెయ్యడం ఆమెకే చెల్లింది. ఇంత వదులువి ఎందుకమ్మా అని కొట్టావిడ అడిగితే, నాకు బిగుతుగా ఉంటే ఊపిరాడదండీ అనేది.

ఆ వంకాయరంగు గౌను ఆరేళ్ళ కిందటిది. గుండ్రటి కాలరు, మోచేతుల దాకా చేతులు, మడమల దాకా పొడవు. భుజాల దగ్గర మాత్రం ఆయనకు ఆరంగుళాలు తక్కువ. ఆమె రెండు భుజాలూ విప్పి, అడుగు మడతలోంచి గుడ్డ తీసి అతుకు వేసింది. ఆయన మిషను మీద కుడితే పది నిమిషాల పని. నాకివ్వమంటే ఇవ్వలేదు. వారం రోజులు చేత్తో కుట్టింది. కుట్టు ఏమంత అందంగా రాలేదు. ఆదివారం మధ్యాహ్నాలు తలుపు గడియ పెట్టుకుని ఆయన అది వేసుకుని కూర్చునేవాడు. ఆమె కూరలు తరుగుతూ, మామూలుగా ఏమండీ అనే మనిషి, ఆ రెండు గంటలూ "ఏమే, ఆ గిన్నె ఇటందుకో" అనేది. అంతకంటే ఏమీ జరిగేది కాదు. ఆయనకు అదే పెద్ద పండుగ.

తర్వాత ఆమెకు జబ్బు చేసింది. పద్నాలుగు నెలలు తిప్పలు పడి పోయింది.

ఆమె అక్క వచ్చింది. పొరుగూళ్ళో ఉండే మనిషి, ఏడాదికి రెండుసార్లు వచ్చిపోయేది. చెల్లెలంటే ప్రాణం. వెనకాముందూ చూడకుండా పనులు చక్కబెట్టే స్వభావం. ఒక పొద్దున మేస్త్రి ఒక ఆఫీసు కుర్చీలు తేవడానికి వెళ్ళి వచ్చేసరికి బీరువా ఖాళీగా ఉంది. చెల్లెలి బట్టలన్నీ మూడు మూటలు కట్టి, వాళ్ళిద్దరూ వెళ్ళే ఆ పాతబట్టల కొట్టుకే ఇచ్చి వచ్చింది వదిన. కళ్ళెదురుగా ఉంటే నువ్వు మనిషివి కాలేవు మరిదీ, ఎవరో ఒకరు కట్టుకుంటే దానికీ పుణ్యం అంది. ఇంత పెద్ద గౌన్లున్నాయేమిటి, జబ్బులో వదులుగా ఉంటాయని కొన్నారా అని కూడా అడిగింది. ఆయన తలూపాడు. ఆమెను బస్సెక్కించి వచ్చాడు.

మిగతా గౌన్లు పోతే పోయాయి. కానీ ఆ వంకాయరంగుది పోతే ఎలా? తనను పూర్తిగా చూసి కూడా సరేనన్న మనిషి లోకంలో ఒకరు ఉండేవారనడానికి ఆ భుజాల మీద కుట్టు తప్ప మరో సాక్ష్యం లేదు. ఆమె ఫొటోలున్నాయి. ఫొటోల్లో ఆమె ఉంది గానీ ఆ సంగతి లేదు.

మర్నాడే కొట్టుకు వెళ్ళాడు. ఆ గౌను పెద్ద సైజుల వరుసలో మూడోది. ఆమె పక్కన లేకుండా ఆ వరుస ముందు నిలబడడం ఇరవయ్యేళ్ళలో అదే మొదలు. పెళ్ళికి ముందు పట్టిన చెమటే మళ్ళీ పట్టింది. ఎదురింటి టీచరమ్మ అక్కడే దుప్పట్లు చూస్తోంది. కొట్టావిడ వచ్చి, మీ ఆవిడ సంగతి విన్నాం మేస్త్రిగారూ, మంచి మనిషి అంది. ఏం కావాలని అడిగింది.

మా ఆవిడ గౌను, జ్ఞాపకంగా ఉంచుకుంటానని ఒక్క మాట అంటే అయిపోయేది. కొట్టావిడ కళ్ళు తుడుచుకుని మరీ ఇచ్చేది. అందులో అబద్ధం కూడా లేదు. కానీ దాచడమే జీవితమైపోయిన మనిషికి అవసరానికి అబద్ధమే ముందు నోటికొస్తుంది. గుడ్డ కోసం వచ్చానమ్మా, కుర్చీ దిండ్లకు అస్తరు వెయ్యాలి, ఈ వంకాయరంగు గుడ్డ మందంగా ఉంది, పనికొస్తుంది అన్నాడు. టీచరమ్మ ఇటు తిరిగింది. ఆమె ఎదుట దాన్ని చంకలో పెట్టుకుని నడవడానికి ధైర్యం చాలలేదు. రేపు వస్తాను, తీసి ఉంచండి అని బయటపడ్డాడు.

రాత్రంతా ఆ తెలివితక్కువతనానికి తనను తానే తిట్టుకున్నాడు. అయినా పరవాలేదు, రేపు చేతికొస్తుందనుకున్నాడు.

తెల్లారి కొట్టు తీసిన కాసేపటికే వెళ్ళాడు. కొట్టావిడ బల్ల ముందు కూర్చుని ఉంది. బల్ల మీద వంకాయరంగు గుడ్డ పరిచి ఉంది. చేతిలో చిన్న కత్తెర.

రండి మేస్త్రిగారూ, మీకు పని తేలికవుతుందని నేనే విప్పేస్తున్నానంది. ఇంట్లో ఆవిడ లేదు, ఒంటి చేత్తో ఎన్నని చేసుకుంటారు పాపం. కాలరు తీసేశాను, పక్క కుట్లు విప్పేశాను, ఇవిగో గుండీలు విడిగా పొట్లం కట్టాను. ఈ భుజాల దగ్గర ఎవరో మహాతల్లి చేత్తో కుట్టింది, వదలనంటోంది చూడండి అని నవ్వుతూ కత్తెర మొన దూర్చింది. ఒక భుజం అప్పటికే విడిపోయి ఉంది. తెగిన దారం ముక్కలు బల్ల మీద చీమల్లా పడి ఉన్నాయి. రెండో భుజం సగందాకా వచ్చింది.

ఒక కుట్టు తెగింది. ఇంకొకటి తెగింది.

"ఆపండమ్మా" అన్నాడు.

"ఏమైంది? గుడ్డ చిరిగిందా?"

"ఆ కుట్టు విప్పకండి. అది నాది."

"మీదే లెండి, ఎవరు కాదన్నారు? విప్పి ఇస్తానంటున్నాగా."

"అలా కాదు. నేను వేసుకునేది. ఆ గౌను నేను వేసుకునేది."

కొట్టావిడ నవ్వబోయింది. ఆయన మొహం చూసి ఆ నవ్వు అక్కడే ఆగింది. ఆ తర్వాత గుడ్డ వెడల్పు చూసింది, ఆయన భుజాలు చూసింది. చొక్కాల వరుసలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు వెతకడం మానేశారు. వాళ్ళలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొట్టావిడ తిట్టలేదు. కత్తెర పక్కన పెట్టింది. ముక్కలన్నీ పోగుచేసి సంచిలో వేసి, వేలి కొసతో ఆయన వైపు జరిపింది. ఆయన గుమ్మం దాటుతుంటే ఎవరితోనో అన్నట్టుగా అంది.

"పాపం, ఆవిడ ఎలా కాపురం చేసిందో."

ఆ మాట ఆయన కంటే ముందే ఇంటికి చేరింది. సాయంత్రానికి టీచరమ్మ గుమ్మంలో నలుగురు చేరారు. రెండో రోజు ఆఫీసువాళ్ళు కుర్చీలు వెనక్కి పట్టుకుపోయారు. సగం విప్పినవి అలాగే బండెక్కించారు. పిల్లలు లేకపోవడానికి ఇదా కారణమని ఒకరన్నారట. ఆమె మనోవ్యాధితోనే పోయిందని మరొకరన్నారట. తనను అన్నవి ఆయన పట్టించుకోలేదు. ఆమెను ఏమీ తెలియని పిచ్చిదాన్ని చేసి జాలిపడుతుంటే మాత్రం ఓర్వలేకపోయేవాడు. తెలిసి ఊరుకుందని ఎవరైనా అంటే ఆమెను ఇంకా ఏమేమంటారో అని కూడా భయం.

మూడో రోజు పొద్దున్నే వదిన వచ్చింది. చెప్పులు విప్పకుండానే పనిగదిలోకి వచ్చి, గుడ్డ కత్తిరించే బల్ల ముందు నిలబడింది. మంచినీళ్ళిస్తే తీసుకోలేదు.

"నేను విన్నది నిజమేనా మరిదీ?"

"నిజమే వదినా."

ఆమె వీధి తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"దానికి తెలుసా?"

మేస్త్రికి ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. మూడు రోజులుగా ఎదురుచూస్తున్నాడు. తెలుసు అంటే, చిన్నప్పటి నుంచీ ఏదీ దాచని చెల్లెలు ఇరవయ్యేళ్ళు ఇంత సంగతి అక్క దగ్గర దాచినట్టవుతుంది. మొగుడితో కలిసి ఊరిని వెర్రివాళ్ళను చేసినట్టవుతుంది. పోయిన మనిషి వచ్చి తన తరఫున చెప్పుకోలేదు. తెలియదంటే, తనకు ఈ జన్మలో జరిగిన ఒక్క మేలూ జరగనట్టే. వదిన కళ్ళు తెలియదనే మాట కోసమే చూస్తున్నాయి.

"తెలీదు వదినా" అన్నాడు. "ఏనాడూ తెలీదు."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. ఒక్కసారిగా కన్నీళ్ళు వచ్చాయి. పోన్లే, ఆ కష్టం చూడకుండా పోయిందని రెండుసార్లు అంది. కళ్ళు తుడుచుకోవడానికి బల్ల మీద, కొట్టు నుంచి తెచ్చిన సంచి పక్కన ఉన్న గుడ్డ అందుకుంది. అది వంకాయరంగు గుడ్డ. సగం విప్పిన భుజం చేతిలోకి వచ్చింది.

ఆ భుజం వైపే చూస్తూ ఉండిపోయింది. బొటనవేలితో కుట్టు వెంట చివరిదాకా రాసింది.

"ఇది ఎవరు కుట్టారు?"

"నేనే."

"నీ కుట్టు తాడు పట్టి గీసినట్టుంటుంది. ఇది ఎడమచేతి కుట్టు, ఎటు వాలిందో చూడు. దాని చేతికి సూది ఇచ్చింది నేనే. కుడిచేత్తో పట్టుకోవే అని వేళ్ళ మీద కొట్టిందీ నేనే." ఆగింది. "ఎంత జాగ్రత్తగా కుట్టింది."



వదిన ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చింది. విడిపోయిన భుజం, సగం నిలిచిన భుజం, కాలరు, గుండీల పొట్లం.

"తెలీదన్నావుగా. అందరికీ అదే చెప్పు. నేనూ అదే చెబుతాను" అంది. "ఇది మాత్రం నా చెల్లెలి చేతిది. నీ దగ్గరెందుకు? తీసుకుపోతున్నాను."

ఒక్క భుజమైనా ఉంచి వెళ్ళు వదినా అని ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే ఎందుకో చెప్పాలి. చెబితే, ఇప్పుడే అన్న మాట తప్పాలి. అడగలేదు.

ఆమె కుట్లున్న వైపు లోపలికి వచ్చేలా మడిచి, చేతిసంచిలో అడుగున పెట్టి, పైన తన శాలువా కప్పింది. రెండు చేతులా సంచి పట్టుకుని ఉంది కనుక మేస్త్రే వెళ్ళి తలుపు తీశాడు. ఎదురింటి గుమ్మంలో ఉన్నవాళ్ళు ఇటు చూశారు. ఆమె తల దించుకుని వాళ్ళ ముందు నుంచే నడిచి వెళ్ళింది. ఆయన తలుపు వేసుకుని, బల్ల మీద మిగిలిన దారం పోగులు అరచేత్తో ఊడ్చాడు.