నేను చూడని ఆల్బట్రాస్

నడుం బిగించుకుని కూర్చోండి. మీకిప్పుడో మహా సముద్రగాథ చెప్పబోతున్నాను. ఇందులో కొండలంత అలలున్నాయి. రెక్కలు చాస్తే ఆటో కన్నా పొడవుండే పక్షి ఉంది. ఒక యువకుడి సర్వనాశనం ఉంది.

సరే, ఒప్పేసుకుంటాను. అలలు లేవు. పక్షి కూడా లేదు. జరిగిందంతా నోయిడాలో, ఏసీ ఉన్నా ఉక్కపోసే ఒక ఆఫీసు గదిలో. సర్వనాశనం మాత్రం ఉంది, అదీ నాదే. అంచేత మానేయకుండా చదవండి.

అప్పటికి నేను మర్చంట్ నేవీలో డెక్ క్యాడెట్‌ని. అంటే ఓడలో అందరికన్నా కింద ఉండి, అందరికన్నా ముందు నిద్రలేచే జీవిని. ఓరల్స్ అనే నోటి పరీక్ష గట్టెక్కితే థర్డ్ ఆఫీసరుగా ఓడెక్కుతాను. లేదంటే మళ్లీ చదువు, మళ్లీ ఎదురుచూపు. ఇది చాలదన్నట్టు, దేశ రాజధానిలో ఆర్.కె. పురం సర్కారీ క్వార్టర్స్‌లో ఉండే మా నాన్న పరీక్ష కాకముందే సెక్టారంతా "మావాడు ఆఫీసరైపోయాడు" అని చాటేశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఇంట్లో సోమలింగానికి యూనిఫాం కూడా కుట్టించేశారు.

పరీక్ష ముందురోజు సతీష్ వచ్చాడు. కాకినాడవాడు, నాతోపాటే క్యాడెట్, మా అమ్మ పప్పుచారు వాసనకి తరచూ మా ఇంటి రేవులో లంగరేసేవాడు.

"ఒరేయ్, రేపు నీకు పడే ఎగ్జామినర్‌కి ఆల్బట్రాస్ అంటే ప్రాణమంట. ఆ పిట్ట గురించి చెబితే కరిగిపోతాడంట."

"నేనెక్కడ చూశాన్రా? మా ఓడ గుజరాత్ నుంచి గల్ఫ్‌కి, గల్ఫ్ నుంచి గుజరాత్‌కి సిటీ బస్సులా తిరిగింది. నేను చూసింది కాకుల్నే."

"నేను చూశాను కదరా, నాది వాడేసుకో," అంటూ అన్నం కలిపాడు. "ఆఫ్రికా కింద మా ఓడ వెంట పడింది. రెక్క ఆడించదు, అలా గాలిలో జారుకుంటా వచ్చేస్తది. ఓ రోజు డెక్ మీద దిగిపోయింది. దిగడమైతే దిగింది గానీ లేవలేదు. దానికి పరిగెట్టడానికి బోల్డంత జాగా కావాలి. పెళ్లిలో మందేసిన బాబాయిలా ఊగిపోతా తిరిగింది. పాపమని ఎత్తి సముద్రంలోకి వదలబోతే నా ఒంటినిండా కక్కేసింది రా! కుళ్లిన చేపనూనె కంపు. ఎన్నిసార్లు ఉతికినా నన్ను మెస్‌లోకి రానిస్తేనా!"

నేను ఆ కథని కక్కుతో సహా బట్టీపట్టాను.

మర్నాడు ఎగ్జామినర్ ఎదుట కూర్చున్నాను. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ కెప్టెన్, తెల్లమీసం. ఆయన హిందీ, ఇంగ్లిషు కలిపి అన్నవన్నీ మీకోసం తెలుగులో పెడుతున్నాను. ఓడల దీపాలడిగారు, చెప్పాను. పొగమంచులో హారన్ ఎలా కొట్టాలన్నారు, చెప్పాను. ఎదురుగా ఓడొస్తే ఎటు తిప్పాలన్నారు, అటే తిప్పాను.

"ఠీక్ హై," అని పెన్ను మూత తీశారు.

పాఠకులారా, ఈ క్షణాన నోరు మూసుకుని ఉంటే నేను ఆఫీసర్ని. కానీ బట్టీపట్టిన కథ కడుపులో సోడాలా పొంగుతోంది. మూడు ముళ్లూ పడిపోయాక మళ్లీ పెళ్లిచూపులకి కూర్చునేవాడిలా నేనడిగాను:

"సార్, మీరెప్పుడైనా ఆల్బట్రాస్‌ని చూశారా?"

పెన్ను ఆగింది. "నువ్వు చూశావా?"

"చూడ్డమేమిటి సార్, ఎత్తుకున్నాను!"

ఆయన పెన్నుకి మూత పెట్టేసి టీ తెప్పించారు. "నా మొదటి వాయేజ్‌లో ఒకటి మా వెంటే వచ్చింది, బేటా. రాత్రి ఓడ నడిపే వాచ్ డ్యూటీలో ఒంటరిగా నిలబడితే పక్కన అది ఉండేది. ఒకరోజు పొద్దున చూస్తే లేదు. ఇల్లు ఖాళీ చేసినట్టనిపించింది," అని కాసేపు కిటికీలోంచి పార్కింగ్ కేసి చూశారు. "నీది చెప్పు."

చెప్పాను. సతీష్ పక్షి కక్కి ఊరుకుంది. నా పక్షి కక్కి, సిగ్గుపడి, ఎగిరిపోతూ వెనక్కి తిరిగి చూసింది కూడా.

"వాహ్! పొజిషన్ ఎంత?"

నావికుడు తిమింగలాన్ని చూసినా, తేలే చెక్కపెట్టెను చూసినా అక్షాంశం, రేఖాంశం చెప్పాల్సిందే. మాకది ఊపిరి పీల్చడం లాంటిది. సతీష్ చెప్పలేదు, నేనూ అడగలేదు. మెదడు ఇంకా వెతుక్కుంటూ ఉండగానే నా నోరు ఖంగుమని పలికేసింది:

"ఇరవై ఎనిమిది డిగ్రీల ముప్ఫై నాలుగు నిమిషాల ఉత్తరం, డెబ్బై ఏడు డిగ్రీల పదకొండు నిమిషాల తూర్పు, సార్!"

ఆయన ముచ్చటపడి ఫోన్‌లో కొట్టుకున్నారు. తర్వాత ఫోన్ నా వైపు తిప్పారు. మ్యాపులో మా క్వార్టర్స్. పక్కనే వాటర్ ట్యాంకు.

ఇంట్లో కూర్చుని ఓడ దారి లెక్కలు ప్రాక్టీసు చేసినన్నాళ్లూ మా డాబానే ఓడనుకుని, అక్కణ్ణుంచే బయల్దేరేవాణ్ణి. నాకు ఆ డాబా పొజిషన్ ఒక్కటే కంఠతా వచ్చు. కనీసం 'ఉత్తరం' అన్నచోట 'దక్షిణం' అన్నా నా అబద్ధం నేరుగా వెళ్లి హిందూ మహాసముద్రం నడిమధ్యలో పడేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు జారితే ఊరు పిన్‌కోడ్‌తో సహా బయటపడుతుంది.

"డెక్ మీంచి పక్షి ఎగరలేకపోయిందన్నావు?" అన్నారాయన ప్రశాంతంగా.

"అవును సార్."

"ఎలా ఎగురుతుంది పాపం. ఆర్.కె. పురం దాకా నడిచొచ్చి అలిసిపోయుంటుంది."

"సార్, అది కొంచెం..."

"బేటా, పక్షి గురించి అబద్ధం చెబితే క్షమిస్తాను, నావికులందరూ చెబుతారు. కానీ ఓడ ఎక్కడుందో తెలియని ఆఫీసరుకి వాచ్ అప్పగించలేను. మళ్లీ రా."

ఇంటికెళ్లేసరికి నాన్న గుమ్మంలోనే ఉన్నారు.

"ఏరా, పాసేనా?"

"లేదు నాన్నా."

"అంత కష్టమైనదేం అడిగాడు?"

"చివరికొచ్చేసరికి మన ఇల్లెక్కడో అడిగినట్టయింది."

"ఆ మాత్రం చెప్పలేకపోయావా!"

"చెప్పాను నాన్నా. నిమిషాలతో సహా కరెక్టుగా చెప్పాను."

అందుచేత పంచభూతాల సాక్షిగా, సప్తసముద్రాల సాక్షిగా, యమునలో మిగిలిన ఆ కాసిని నీళ్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట చూడని పక్షిని చూశాననను. చూసిన పక్షి గురించి కూడా, అడిగితే తప్ప నోరెత్తను.

రెండోసారి పాసయ్యాను. పక్షుల ప్రస్తావన రాలేదు. మీలో ఎవరైనా ఆ పరీక్షకి వెళ్లేవాళ్లుంటే, ఆర్.కె. పురంలో మెజెంటా లైను మెట్రో ఎక్కండి, నోయిడాలో బొటానికల్ గార్డెన్ దాకా మధ్యలో ఎక్కడా మారక్కర్లేదు.