అవ్వ ఇంటి పాత కిరాయిదార్లు

మొన్న పొద్దున కామారెడ్డి బస్టాండులో టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. "అన్నా, అమ్మ పోయింది," అన్నాడు అవ్వ కొడుకు. అతను గాంధారిలో ఆటో నడుపుతాడు. ఈ వయసుకు ఇలాంటి ఫోన్లు చాలా ఎత్తాను. ఓదార్పు మాటలు వెతుక్కునే ఓపిక కూడా తగ్గిపోయింది. టీ అక్కడే పెట్టేసి ఎల్లారెడ్డి బస్సెక్కాను.

ఆమె నాకు చుట్టం కాదు. ఎల్లారెడ్డిలో ఉద్యోగం చేసిన పదకొండేళ్లూ నేను కిరాయికి ఉన్న ఇల్లు ఆమెది. వాడకట్టులో అందరికీ అవ్వే, నాకూ అవ్వే. వాకిట్లో గోడకు వీపు ఆనించి, ఒళ్లో చాట పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టేది. పక్కనే వీధి దర్వాజా, దర్వాజా పైన కందిరీగల తుట్టె. ఇంట్లోకి రావాలన్నా పోవాలన్నా దాని కిందినుంచే.

సామాను దించిన రోజే అడిగాను, దీన్ని తీయించరా అని.

"గవి నీకంటే ముందుగాల దిగినయి సారూ. పాత కిరాయిదార్లు," అంది, బీడీ చుట్టడం ఆపకుండా.

నాకు నవ్వు రాలేదు. నెల తిరగకముందే ఒకటి చెంప మీద కుట్టింది. అవ్వ చిటికెడు బీడీ తంబాకు తడిపి అక్కడ అదిమింది. "నువ్వు చేతులూపినవు. ఊపితే కొట్టనీకి వస్తున్నడనుకుంటయి," అంది. తప్పు నాదేనన్నమాట. వాచిన మొహంతో ఆఫీసుకు వెళితే అందరూ నవ్వారు. ఆ ఉక్రోషంలో చేశాను ఆ పని. అవ్వ చుట్టిన బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు వెళ్లిన మధ్యాహ్నం కర్రకు గుడ్డ చుట్టి, కిరసనాయిలులో ముంచి, తుట్టెను కాల్చేశాను. గొప్ప పని చేసినట్టు చేతులు కడుక్కుని లోపల పడుకున్నాను.

మేతకు వెళ్లిన కందిరీగలు తిరిగి వస్తాయన్న ఆలోచనే నాకు రాలేదు. అవి వచ్చాయి. వాటి వెనకే, ఏమీ తెలియక, ఎప్పటిలాగే అవ్వ వచ్చింది. మొహం మీద, రెండు చేతుల మీద కుట్టాయి. ఆమె నన్ను తిట్టలేదు. మసి పట్టిన దర్వాజా వంక చూసి, "బయటికి పోయి వచ్చేసరికి ఇల్లు లేకపాయె. కుట్టకుంటే ఏం జేస్తయి?" అంది.

వేళ్లు వాచిపోయి వారం రోజులు బీడీ చుట్టలేకపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. నేను నిజంగానే కత్తెర పుచ్చుకుని ఆమె పక్కన కూర్చుని తునికాకులు కత్తిరించాను. సగం పాడుచేశాను. ఆ వారంలోనే ఆమె నన్ను సారూ అనడం మానేసి కొడుకా అనడం మొదలుపెట్టింది. ఆ పిలుపుకు నేను తగనని ఇప్పటికీ అనిపిస్తుంది.

మరుసటి ఏడు వానలకు కందిరీగలు మళ్లీ అక్కడే తుట్టె పెట్టాయి. ఈసారి నేనే మారాను. అవ్వ కొంగు తల మీదికి లాక్కుని, కాస్త వంగి, "జర పోనియ్యుండ్రి," అని వాటితో మెల్లగా అంటూ దాటేది. ఒక్కరోజు కూడా ఆ మాట మరిచేది కాదు. నేను ఆ మాట అనలేదు గానీ నడక నేర్చుకున్నాను. భయం పోయిందని చెప్పను. అలవాటైంది, అంతే. కుట్టించుకోకుండా ఆఫీసుకు పోయి రావడమే నాకు కావలసింది.

మొన్న నేను వెళ్లేసరికి దర్వాజా బయట డప్పులవాళ్లు డప్పులు కాచుకోవడానికి గడ్డి పోగేస్తున్నారు. అవ్వను వాకిట్లో పాడె మీద పడుకోబెట్టారు. పైన తుట్టె నిండుగా ఉంది. చుట్టం ఒకాయన కర్రకు గుడ్డ చుడుతున్నాడు. "పాడె పోయే తోవల ఇదేంది? కాలబెడితే అయిపాయె," అన్నాడు.

అలసిపోయి ఉన్నాను. ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఆ గుడ్డ చూశాక ఊరుకోలేకపోయాను.

"ఒకపారి కాలబెట్టింది నేనే," అన్నాను. "అవ్వను కుట్టిపిచ్చింది నేనే. మల్ల వద్దు. పొగకు, డప్పు సప్పుడుకు గవి లేస్తయి. గల్లీ మూలదాంక సప్పుడు లేకుంట పోదాం."

అవ్వ కొడుకు కళ్లు తుడుచుకున్నాడు. "డప్పు లేకుంటే అమ్మను దొంగతనంగ తీస్కపోయినట్టుంటది అన్నా."

అతని మాటా నిజమే. డప్పులవాళ్లలో పెద్దాయన గడ్డిని కాలితో పక్కకు నెట్టాడు. "అవ్వ దినాం గట్లనే పోతుండె గద, సప్పుడు లేకుంట. మూలకాడికెంచి గట్టిగ కొడుతం తియ్," అన్నాడు. కొడుకు తల ఊపాడు.

నలుగురం పాడె ఎత్తాం. దర్వాజా దగ్గర మోకాళ్లు వంచి కిందికి దించాం. అప్పుడు తట్టింది నాకు, ఆ మాట అనాల్సిన మనిషి ఈరోజు అనలేదని.

"జర పోనియ్యుండ్రి," అన్నాను. "అవ్వ పోతున్నది."

ఇన్నేళ్లలో నేను ఆ మాట అనడం అదే మొదటిసారి. ఏడుపు ఆగక, పాడె ఇంకొకరికి అందించి దర్వాజా దగ్గరే నిలబడ్డాను.

గల్లీ మూలన డప్పు మొదలైంది. నేను వెనక్కి తిరిగి చూశాను. దర్వాజా పైన అవి తమ పని చేసుకుంటున్నాయి. లోపల పక్కన గోడకు, అవ్వ వీపు ఆనే చోట, సున్నం నున్నగా అరిగి ఉంది.