మూడు పౌన్ల బిగువు

స్టేడియం మెట్ల కింద నా కొట్టు. కొట్టంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక మిషను, ఒక స్టూలు, గోడకి మేకులు, మేకులకి రాకెట్లు. షటిల్ ఆడేవాళ్ల రాకెట్లకి తీగ కట్టడం నా పని. ఎవరు ఎన్ని పౌన్ల బిగువు అడిగితే అంతే కట్టివ్వాలి, సలహాలు మన దగ్గరే పెట్టుకోవాలి. ఇందులో బ్రహ్మవిద్యేం లేదు. అయినా ఒక్కసారి తప్పాను, అదీ మా పిట్ట దగ్గర.

పిట్ట మా అక్క కూతురు. ఆరేళ్లప్పుడు ఈ కొట్టు ముందు ఒక్కచోట నిలవకుండా గెంతుతుంటే నేనే పెట్టాను ఆ పేరు. పెద్దయ్యాక సింగిల్సే ఆడింది. డబుల్స్ కూడా ఆడవే అంటే, పక్కన ఇంకొకరుంటే తప్పెవరిదో తేలదు మావయ్యా అనేది. ఎంత పొగరో చూడండి! ఆ పొగరంటేనే నాకు ప్రాణం.

నాలుగేళ్లు దేశం జట్టులో ఉంది. అలాగని పేపర్లో ఫొటోలేం పడలేదు. రైల్లో నిద్ర, హోటల్ కిటికీకి ఆరేసుకున్న మేజోళ్లు, మొదటి రౌండులోనే ఓడితే మర్నాడు పొద్దున్నే తిరుగు ప్రయాణం. గెలిచినవాళ్ల సంగతి అందరికీ తెలుసు. మధ్యలో ఉండిపోయేవాళ్ల బతుకు ఇలాగే ఉంటుంది. అయినా ఏనాడూ విసుక్కోలేదు, పిచ్చిది.

ఇరవై ఏడో ఏట కుడి భుజం మొరాయించింది. జట్టు ఎంపికకి ఆఖరి మ్యాచ్ ఉంది. గెలిస్తే జట్టులో ఉంటుంది, ఓడితే ఇక పిలవరు. ఎప్పట్లాగే మూడు రాకెట్లిచ్చి ఇరవై తొమ్మిది పౌన్లు కట్టమంది. అది వెళ్లగానే అక్క వచ్చింది. పిల్ల జడ వేసుకోడానికి కూడా చెయ్యెత్తలేకపోతోందిరా, నువ్వైనా ఏదో ఒకటి చెయ్యి అని ఏడ్చింది. బిగువు తగ్గితే భుజానికి కాస్త హాయి. కానీ షటిల్ అనుకున్నదానికంటే దూరం పోతుంది. ఇది నాకు తెలియక కాదు. మూడు పౌన్లేగా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. పెద్ద మొనగాణ్ణి కదా! మూడింటికీ ఇరవై ఆరే కట్టాను.

మ్యాచ్ ముందు తీగ మీద అరచేత్తో తట్టి చూసి, "మెత్తగా ఉందేంటి మావయ్యా?" అంది.

"హాలు వేడికి అలాగే ఉంటుందమ్మా," అన్నాను. నా నోరు పడిపోయినా బాగుండేది.

నా మాట మీద నమ్మకంతో ఆడింది. మూడో గేము, చెరో పంతొమ్మిది పాయింట్లు, ఇంకో రెండొస్తే గెలుపు. వెనక గీత మీదికి ఎత్తి కొట్టింది. రెండు వేళ్ల దూరంలో బయట పడింది. మళ్లీ అదే మూలకి కొట్టింది, మళ్లీ బయటే. అంతే, అయిపోయింది. బెంచీ మీద కూర్చుని చాలాసేపు తన చెయ్యే చూసుకుంది.

"నా చేతికి అంచనా పోయింది మావయ్యా. ఇంక ఆడను."

అప్పుడు చెప్పాలి కదా? చెప్పలేదు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ ఆరేళ్లు లాక్కొచ్చాను. ఈలోగా భుజం నయమైంది, అది ఒక స్కూల్లో కోచ్‌గా చేరింది. అంచనా పోయిందన్న ఆ మాట మాత్రం నన్ను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు.

మొన్న తన శిష్యురాలి రాకెట్ పట్టుకొచ్చింది. పిల్ల ముప్పై కావాలంటోందట, భుజం నొప్పని కూడా అంటోందట.

"దానికి చెప్పకు మావయ్యా. ఓ మూడు పౌన్లు తగ్గించి కట్టు, కనిపెట్టలేదులే."

వద్దమ్మా అన్నాను. ఎందుకని అడిగింది. మిషను ఆపి మొత్తం చెప్పేశాను, వాళ్లమ్మ ఏడుపు సాకు చెప్పకుండా. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అయితే ఆ రోజు నా చెయ్యి బాగానే ఉందా మావయ్యా?" అంది, చిన్నప్పుడు ఈ కొట్టు ముందు గెంతిన నాటి గొంతుతో.

"బాగానే ఉందమ్మా."

కళ్లు తుడుచుకుని, ఆ పిల్లతో తనే మాట్లాడుకుంటానంది, ముప్పయ్యే కట్టమంది. ఎప్పుడూ రాకెట్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయేది. ఆ రోజు వెళ్లలేదు. ఆఖరి ముడి పడేదాకా నా పక్కనే నిలబడి, మిషను మీద బిగువు చూపించే అంకె చూస్తూ ఉంది.