నువ్వేం చూశావమ్మా?

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులంటే అందరికీ మామిడికాయలు గుర్తొచ్చేవి. నాకు మాత్రం భయం మొదలయ్యేది. సెలవుల్లో మా చర్చివాళ్ళు కాలవ దాటి ఊరూరా సువార్తకి వెళ్ళేవారు... వెనకాల సండే స్కూలు పిల్లలం మేము.

కరపత్రాలు పంచమంటే పంచేదాన్ని. చేతిలో పెట్టి పరుగెత్తుకొచ్చేయడమే కదా! భయమంతా సాక్ష్యం చెప్పాలంటేనే. దేవుడు మన బతుకులో ఏం చేశాడో గుమ్మం ముందు నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాలి.

మా సండే స్కూలు టీచరు రత్నమ్మ గారు నాకో సాక్ష్యం కాగితం మీద రాసిచ్చారు. పెద్దవాళ్ళు చెప్పేదే... "నేను ఘోర పాపినై, లోకాశలలో తిరుగుచూ, నశించిపోవుచుండగా..." ఎక్కాల్లాగా బట్టీ పట్టేశాను. అప్పటికి నాకు పదేళ్ళు. లోకాశలంటే తినేవో తాగేవో కూడా తెలీదు.

ఆ రోజు నాలుగైదు గుమ్మాలు తిరిగి ఒక పెంకుటింటి ముందు ఆగాం. అది పద్మ వాళ్ళిల్లు! బడిలో నా పక్కన కూర్చునే పిల్ల. దానితో నేనో అబద్ధం చెప్పి ఉన్నాను... మా నాన్నకి కాకినాడలో ఉద్యోగమని, అందుకే ఇంటికి సరిగ్గా రాడని.

నిజమేంటంటే, మా నాన్న మిల్లులో బస్తాలు మోసేవాడు. కూలి చేతిలో పడగానే యానాం బస్సెక్కేవాడు. అక్కడ మందు చవక. ఎప్పుడొస్తాడో, ఏ కాలవ గట్టు మీద పడి ఉంటాడో మాకు తెలిసేది కాదు. అదంతా ఏడాది కిందటి మాట... అప్పటికి తాగుడు మానేసి, మా గుంపుతో కంజిర వాయిస్తూ తిరుగుతున్నాడు. వాయించడమే గానీ నోరు విప్పి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. ఏ ఇంటికెళ్ళినా గేటు బయటే నిలబడేవాడు.

పద్మ వాళ్ళమ్మ సత్యవతి గారు అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. "ఎండలో ఎందుకు, నీడకి రండి" అన్నారు. రత్నమ్మ గారు నా వీపు మీద మెల్లగా తట్టారు. గట్టిగా కళ్ళు మూసుకుని అందుకున్నాను... "నేను ఘోర పాపినై..."

సత్యవతి గారు పకపకా నవ్వేశారు. "పదేళ్ళకే అన్ని పాపాలు ఎప్పుడు చేసేశావే తల్లీ?"

తలుపు చాటున పద్మ కిసుక్కుమంది.

"సాక్ష్యమండీ..." అన్నాను ఏడుపు గొంతుతో.

"సాక్ష్యమా? మా మావగారు గట్టు తగాదాలో కోర్టుకెళ్ళి చెప్పొచ్చారు. కళ్ళతో చూసింది చెబితేనే సాక్ష్యమంట. విన్నదీ చదివిందీ పనికిరాదంట. మరి నువ్వేం చూశావమ్మా?"

వెక్కిరింత కాదండీ అది... నిజంగానే అడిగారు.

నేనేం చూశానో నాకు తెలుసు. అమ్మకి కూడా చెప్పలేదు. చెప్పానంటే పద్మ ముందు నా అబద్ధం బయటపడుతుంది... పదిమందిలో నాన్న పరువు పోతుంది. పారిపోదామంటే వెనకే రత్నమ్మ గారు.

"మా నాన్న తాగేవాడండి" అన్నాను.

అప్పటిదాకా గేటు దగ్గర మెల్లగా వినపడుతున్న కంజిర ఆగిపోయింది.

ఇంక నేను ఆగలేదు. "ఒకరోజు కిరసనాయిలుకి వెళ్తూ చూశానండి. యానాం బస్సొచ్చి ఆగిందండి. మా నాన్న బస్టాపు స్తంభాన్ని రెండు చేతులతో వాటేసుకుని, 'నన్నెక్కనియ్యకు ప్రభువా, ఎక్కనియ్యకు' అని ఏడుస్తున్నాడండి. కండక్టరు పిలిచినా వదల్లేదండి. బస్సెళ్ళిపోయిందండి. ఆ రోజు నుంచి తాగలేదండి. నేను చూసింది అంతేనండి."

గేటు చప్పుడైంది. నాన్న తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, మొదటిసారి ఒక ఇంటి లోపలికి వచ్చాడు.

"నిజమేనండి అమ్మగారూ. ఈ పిల్ల చూసిందని నాకిప్పుడే తెలిసిందండి. ఇప్పటికీ ఆ బస్సు హారను వినపడితే దేన్నో ఒకదాన్ని పట్టుకుంటానండి. నేను పట్టుకున్నాననుకుంటాను గానండి... ఆయనే నన్ను పట్టుకుంటున్నాడండి."

"ఇది నమ్ముతానమ్మా" అన్నారు సత్యవతి గారు నాకేసి చూసి. అందరికీ మజ్జిగ ఇచ్చారు.

ఆ తర్వాత కూడా ఆవిడ పూజలు ఆవిడవే, మా చర్చి మాదే. కానీ మేం ఎప్పుడు కాలవ దాటినా "ఏమయ్యా, గట్టిగా పట్టుకున్నావా?" అని నాన్నని పలకరించకుండా వదిలేవారు కాదు.

పద్మ అయితే కాకినాడ ఉద్యోగం సంగతి ఎత్తనేలేదు. బడి తెరిచాక ఒక్కటే అడిగింది... "మీ నాన్నకి చేతులు నొప్పెట్టలేదా?" అని.

ఇప్పుడు నేను రాజమండ్రిలో టీచర్ని. రోజూ పొద్దున్నే ఫోన్ స్టేటస్‌లో బైబిలు వాక్యం పెడతాను, వెనకాల పువ్వులతో. బోలెడుమంది చూస్తారు. నువ్వేం చూశావమ్మా అని ఒక్కరూ అడగరు... అడగరు కాబట్టే హాయిగా పెట్టేస్తున్నానేమో.

ఈ శనివారం మా చర్చి టీమ్ నిడదవోలు పక్క ఊళ్ళకి వెళ్తోంది. సాక్ష్యం నాదేనట! ఫోన్‌లో మూడు పేజీలు రాసుకున్నాను. చదువుకుంటుంటే నా చెవులకే "ఘోర పాపినై..." అన్నట్టుంది.

నాన్నకి ఫోన్ చేశాను. "మూడు పేజీలెందుకే? స్తంభం సంగతి చెప్పు" అన్నాడు.

"అది నీది కదా నాన్నా."

"మరి నీదేదమ్మా?" అన్నాడు.

అప్పటినుంచీ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. మూడు పేజీలూ తీసేశాను. భయంగానే ఉంది... అయినా వెళ్తాను.

మా చిన్నప్పుడు చెప్పడానికి నోరు వచ్చేది కాదు గానీ, చూసింది ఉండేది. ఇప్పుడు చెప్పడానికి ఎన్ని దారులో... ఆగి చూడ్డానికే తీరిక లేదు.

మీ చిన్నప్పుడు మీరు కళ్ళారా చూసిందేదైనా ఉంటే ఒక్కటి కింద రాయండి. విన్నది వద్దండీ... చూసింది.