నీడ ఎక్కడ ఉంటుంది?

మా పిన్ని ఇరవై ఏళ్లుగా ఒకటో తరగతికి పాఠాలు చెబుతోంది. కోపం వస్తే ఇంట్లో గిన్నెలు మోగుతాయి గానీ, బడిలో ఎప్పుడూ గొంతు పెంచలేదు. నీడల పాఠం రోజు కిటికీలు మూయించి, టార్చిలైటు ముందు తన చెయ్యే పెట్టి చూపిస్తుంది.

మొన్నటి పరీక్షలో "నీడ ఎక్కడ ఉంటుంది?" అని అడిగారు. ఒక పిల్ల "వెలుతురుకి అవతలి పక్క" అని రాసింది. పిన్ని మార్కు వేస్తే, పెద్ద మేడం కొట్టేసి సున్నా చుట్టింది. జవాబుల కాగితంలో "చెట్టు కింద" అని ఉందట.

ఆ పిల్ల ఏడవలేదు. "టీచర్, మీరు మాకు తప్పు చెప్పారా?" అని అడిగింది.

పిన్నికి ఒళ్లు మండిపోయింది. సాయంత్రం నాలుగింటికి పేపరు పట్టుకుని సరాసరి పెద్ద మేడం గదిలోకి వెళ్లింది.

"నీడంటే చల్లగా కూర్చునే చోటే కదమ్మా. దీనికింత రాద్ధాంతమా?" అంది పెద్ద మేడం.

"అయితే రండి, చెట్టు కిందే కూర్చుందురు గాని."

ఆవరణలో ఉన్న ఒకే ఒక్క చెట్టు మొదట్లో పిన్ని కుర్చీ వేసింది. ఏటవాలు ఎండ పెద్ద మేడం మొహాన కొట్టింది. చెట్టు నీడేమో ఎక్కడో గోడ మీదికి పాకింది. ఆ పిల్ల అక్కడే నిలబడి చూస్తోంది.

"కళ్లు చికిలిస్తారేంటి మేడం, నీడలోనే ఉన్నారుగా?"

పెద్ద మేడం కుర్చీ జరుపుకోబోయింది.

"జరిగితే మార్కు వెయ్యాలి," అంటూ పిన్ని ఎర్ర పెన్ను చేతికిచ్చింది.