రెండో వద్దు

ఆ రోజుల్లో మా కోనసీమలో మర్యాదంటే వద్దనడమే. ఎవరింటికి వెళ్ళినా, వాళ్ళు ఏం పెట్టబోయినా ముందు "అబ్బే, వద్దండి" అనాలి. వాళ్ళు మళ్ళీ అడగాలి, మనం మళ్ళీ వద్దనాలి. అప్పుడు వాళ్ళు వడ్డించేస్తే, "అయ్యో, ఇదంతా ఎందుకండీ" అంటూ మనం కంచం ఖాళీ చెయ్యాలి. "అడగ్గానే కూర్చుంటే మొహం వాచినట్టుంటుందే" అని మా అమ్మ చిన్నప్పటినుంచీ నూరిపోసింది. తొంభైల చివర్లో, బి.ఎడ్. పాసై రామచంద్రపురంలో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరినప్పుడు, ఆ వద్దుని కూడా పెట్టెలో బట్టలతోపాటు సర్దుకుని వెళ్ళాను.

గది తంతి మామ్మగారింట్లో దొరికింది. (తంతి అంటే తన్నడం కాదు. ఆవిడ టెలిగ్రాఫ్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. తన్నడమే అనుకున్న వీధి పిల్లలు మాత్రం బంతి ఆవిడ పెరట్లో పడితే ఆశ వదులుకునేవారు.) ఆవిడొక్కరే ఉండేవారు. ఉద్యోగమంతా జనం మాటలు లెక్కపెట్టడంతో గడిచినందుకేమో, ఒక మాట సరిపోయేచోట రెండోది వాడేవారు కాదు. నేను దిగిన రోజు మధ్యాహ్నం గుమ్మంలోకి వచ్చి, "భోంచేస్తావా అమ్మాయ్?" అన్నారు. లోపల్నుంచి పనసపొట్టు కూర వాసన ప్రాణం లాగేస్తోంది. "అబ్బే, వద్దండి" అన్నాను. "సరే" అని వెళ్ళిపోయారు. రెండో ప్రశ్న కోసం చాలాసేపు గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. ఆఖరికి అరటిపళ్ళు తిని పడుకున్నాను.

తర్వాత మూడు నెలలూ ఆవిడ మళ్ళీ అడగలేదు. వద్దన్నదాన్ని ఎందుకడుగుతారు? కిరోసిన్ స్టౌ మీద గుప్పెడు బియ్యం పడేసుకుని, గోడకి అవతల ఆవిడ కంచం చప్పుడు వింటూ ఇవతల నేను తినేదాన్ని. నా బెంగ కూర కోసం కాదు. రోజంతా స్కూల్లో అరిచి వచ్చాక "ఏం వండుకున్నావ్?" అని అడిగే మనిషి లేక ఏడుపొచ్చేది. గోడమీది క్యాలెండర్‌తో మాట్లాడిన రోజులు కూడా ఉన్నాయి.

సాయంత్రాలు ఆ ఇంటి వరండాలోనే ఏడో తరగతి పిల్లలకి ట్యూషన్ చెప్పేదాన్ని. అందులో 'ఎందుకండీ' అని నేను పేరుపెట్టిన ఓ రెండుజడల పిల్ల ఉండేది. పూర్ణసంఖ్యల గుణకారం రోజున అది చెయ్యెత్తింది.

"మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకొస్తుందండీ?"

నాకూ తెలియదు. ఒకే గుర్తులైతే ప్లస్సు, వేరు గుర్తులైతే మైనస్సు అని బట్టీపట్టి గట్టెక్కినదాన్ని. నోటికొచ్చింది చెప్పాను. "మీ ఇంటికొచ్చిన చుట్టాలు కాఫీ వద్దంటారు. మళ్ళీ అడిగితే మళ్ళీ వద్దంటారు. అప్పుడు మీ అమ్మ ఏం చేస్తుంది?"

"గ్లాసు చేతిలో పెట్టేస్తుందండి."

"అంతే. వద్దు ఇంటూ వద్దు, కావాలి."

"మరి మైనస్ రెండూ మైనస్ మూడూ కలిపితే మైనస్ అయిదని నిన్న చెప్పారు కదండీ? రెండు వద్దులు కలిస్తే పెద్ద వద్దు అవదాండీ?"

"కలపడం వేరు, గుణించడం వేరు!" అని కసిరాను. (ఓడిపోయిన టీచరుకి గొంతే దిక్కు.)

"పోనీ, ఒక్కసారే వద్దంటేనో అండీ?"

"ఒక్క వద్దయితే మైనస్సే. పస్తే!" అన్నాను. అవసరం కంటే గట్టిగానే అన్నాను. కిటికీ లోపల మామ్మగారు బియ్యం చెరుగుతున్న చేట చప్పుడు ఆగిపోయింది.

పిల్లలు వెళ్ళాక ఆవిడ గుమ్మంలోకి వచ్చారు. "అమ్మాయ్, ఆ రోజు నువ్వన్నది ఎన్నో వద్దు?"

సిగ్గుతో చచ్చిపోయాను. "మొదటిదండి."

"రెండోదేదీ?"

"మీరు మళ్ళీ అడగలేదు కదండీ."

"అడగడం అలవాటు తప్పిపోయింది," అన్నారు. తర్వాత, పరీక్ష పెడుతున్నట్టు, "భోంచేస్తావా?"

"వద్దండి" అని అలవాటు కొద్దీ వచ్చేసింది.

"భోంచేస్తావా?"

"వద్దండి."

"రా మరి. కంచం పెట్టేశాను."

ఆ పూట ఒక్క అప్పడమే మిగిలితే మధ్యకి విరిచి, "భాగహారానికీ ఇదే సూత్రమా?" అని అడిగారు. అదేనండీ అన్నాను. పెద్ద ముక్క నా కంచంలో వేశారు. ఆ తర్వాత కిరోసిన్ స్టౌ వెలిగించాల్సిన పని పడలేదు.

రెండేళ్ళకి మా ఊరి దగ్గర్లో గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. పెట్టె రిక్షాలో పెట్టాక మామ్మగారు, "ఇంకో ఏడాది ఉండకూడదూ?" అన్నారు. కుదరదండి అన్నాను. ఆవిడ మళ్ళీ అడిగారు, "ఉండకూడదూ?" అని. కుదరదండి అన్నాను మళ్ళీ. సూత్రం ప్రకారం నేను ఉండిపోవాలి. ఆవిడ నా పెట్టె వంక చూస్తూ నిలబడ్డారు, నేను రిక్షా ఎక్కేశాను.

మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందో ఇప్పుడు నాకు తెలుసు. బోర్డు మీద నాలుగు లైన్లలో తేల్చేస్తాను. ఇంటికి ఎవరొచ్చినా రెండోసారి కూడా అడగాలని సిద్ధంగా ఉంటాను. ఈ కాలం పిల్లలు మొదటిసారికే "పెట్టెయ్యండి టీచర్, ఆకలేస్తోంది" అని కూర్చుంటారు. నవ్వుకుంటూ వడ్డిస్తాను. రెండో ప్రశ్న మాత్రం నా నోట్లోనే ఉండిపోతుంది.